కాలువ గట్టు మీద నీతిశాస్త్రం

(బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి)

“నీతిశాస్త్రం మనకెందుకు?” అని అడిగే మిత్రులు సైన్సు విభాగంలో తక్కువేమీ కాదు. ‘మానవ విలువలు’ పేపరంటే, పరీక్షకు ముందురోజు రాత్రి గైడు తిరగేసి, బెంథామ్, కాంట్, అరిస్టాటిల్ పేర్ల కింద తలా నాలుగు పాయింట్లు రాసి గట్టెక్కే పేపరని చాలామంది అభిప్రాయం. ఆ పేర్లు మనవి కావు. ఉదాహరణలూ మనవి కావు. పట్టాల మీద పరుగెత్తే ట్రాలీ బండి, అటు ఐదుగురు, ఇటు ఒకడు, ఇదీ పాఠం. అటువంటి బండిని ఎన్నడూ చూడని రైతుబిడ్డకు ఆ పాఠం తలకెక్కకపోతే తప్పు వాడిది కాదు. కనుక ఆ సిద్ధాంతాలను మా మంత్రాలయం వైపు కాలువ గట్టు మీదికి తెచ్చి పరీక్షించి చూద్దామని నా యీ చిన్న ప్రయత్నం.

మా వైపు చేలకు తుంగభద్ర దిగువ కాలువ ప్రాణం వంటిది. హోసపేట దగ్గర 1953లో నీళ్ళు నిలిపిన డ్యాం నుంచి బయలుదేరి, బళ్ళారి సీమ దాటి, ఆదోని, మంత్రాలయం, ఎమ్మిగనూరు ప్రాంతాలకు వస్తుంది. వచ్చేకొద్దీ సన్నబడుతుంది. నీళ్ళు తక్కువైన ఏడు వంతులు పెట్టుకుంటారు. ఇప్పుడు ఒక రైతు తన వంతు కాని రాత్రి కాలువలో ఇంజను పెట్టి నీళ్ళు తోడుకున్నాడనుకోండి. “ఏమప్పా, చేను ఎండిపోతాంటే వంతు వంతు అని చూస్తా కూర్చుంటామా?” అంటాడు ఆయన. “మా చేనికి వంతే రాలేదు కదప్పా!” అంటాడు చివర ఉన్న రైతు. ఎవరిది న్యాయం?

మొదట ఉపయోగితావాదాన్ని అడుగుదాం. దీన్ని శాస్త్రంగా నిలబెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన జెరెమీ బెంథామ్. ఆయన గ్రంథం 1789లో వెలువడింది. ఏ పని వల్ల అందరికీ కలిపి సుఖం ఎక్కువ, దుఃఖం తక్కువ అవుతుందో ఆ పనే మంచిది అని దీని సారాంశం. రాజైనా కూలీ అయినా లెక్కలో ఒక్కడే. ఈ లెక్క ప్రకారం, ఇప్పటికే తడిసిన మడికి ఇంకొక తడి ఇస్తే పెరిగే దిగుబడి స్వల్పం. అదే తడి ఎండుతున్న చేనికి అందితే పంటే నిలుస్తుంది. కనుక రాత్రి ఇంజను తప్పు. బాగానే ఉంది. కాని లెక్కను ఇంకొంచెం సాగదీసి చూడండి. చివరి చేనికి చేరేలోగా ఎన్నో నీళ్ళు దారిలోనే ఇంకిపోతాయి. మొత్తం దిగుబడే కొలత అయితే, అసలు చివరి రైతుకు నీళ్ళు వదలడమే దండగ అని కూడా తేలవచ్చు! కూడికలో చివరి రైతు మాయమైపోతాడు.

అందుకే రెండవవాడైన కాంట్‌ను పిలవాలి. జర్మన్ తత్త్వవేత్త ఇమాన్యుయేల్ కాంట్ 1785లో ప్రకటించిన గ్రంథంలో ఒక పరీక్ష పెట్టాడు: నీవు చేసే పనిని అందరికీ నియమంగా చెయ్యగలవా? ‘నా చేను ఎండితే వంతు తప్పవచ్చు’ అన్నది అందరి నియమమైతే, ఇక వంతు అన్నదే ఉండదు. వంతు తప్పి లాభపడేవాడికి మిగతావాళ్ళు వంతు పాటించడం అవసరం. అంటే తనకొక్కడికి మాత్రం మినహాయింపు కోరుతున్నాడు. కాంట్ పట్టుకున్నది సరిగ్గా ఈ దొంగతనాన్నే. మనిషిని కేవలం ఇంకొకరి పనికి సాధనంగా వాడరాదన్నది ఆయన రెండవ మాట. కూడికలో మాయమైన చివరి రైతు ఇక్కడ మళ్ళీ మనిషిగా నిలబడతాడు.

అయితే కర్తవ్యవాదానికీ చిక్కులున్నాయి. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. డ్యాం మీద ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తి నీళ్ళు వదిలేశారు. ఆ నీళ్ళు ఆయకట్టు రైతులకు ఆశ చూపిన నీళ్ళు. ఇచ్చిన మాట తప్పరాదని భీష్మించుకొని కూర్చుంటే ఆ రాత్రి పని జరిగేదా? ఏది పోతే ఎంత నష్టమని లెక్క వేయక తప్పలేదు. బెంథామ్ మళ్ళీ వెనక్కి వచ్చాడు!

మూడవవాడు అరిస్టాటిల్. ఇరవై మూడు శతాబ్దాల కిందటి ఈ గ్రీకు పండితుడు పనిని కాక మనిషిని చూడమంటాడు. మంచి గుణం చేసి చేసి అలవాటుగా రావాలంటాడు. సాలు తిన్నగా తోలడం పుస్తకం చదివితే రాదు గదా! పిరికితనానికీ దుడుకుతనానికీ నడుమ ధైర్యం, పిసినారితనానికీ దుబారాకూ నడుమ దాతృత్వం ఉంటాయన్నాడు. మన సీమలో ఈ పాఠానికి ఉదాహరణ ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో ఆకలిగొన్న జనానికి అన్నం పెట్టిన ఆ పేరును జనం పాటల్లో నిలుపుకున్నారు. ఆయన ఏ సిద్ధాంతమూ చదివి ఆ పని చేయలేదు. ఐతే కాలువకు ప్రతి ఏడూ ఒక వెంగళరెడ్డి దొరుకుతాడా? దొరకడు. మంచివాళ్ళు లేని చోట కూడా నిలిచే ఏర్పాటు కావాలి. 1971లో అమెరికన్ తత్త్వవేత్త జాన్ రాల్స్ చెప్పిన ఉపాయం ఇక్కడ పనికివస్తుంది: నీ చేను కాలువ మొదట ఉందో చివర ఉందో నీకు తెలియదనుకొని వంతుల నియమం రాయి! ఇంతకంటె చక్కగా మా ఊరి రచ్చబండ మీద కూడా ఎవరూ చెప్పలేరు.

ఇవన్నీ పుస్తకాల గొడవలే అనుకునేవారికి మన నేల మీద జరిగిన ఒక చరిత్రను గుర్తు చేస్తాను. ఉపయోగితావాదం మనకు పరాయిది కాదు. దాన్ని 1861లో కొత్తగా వివరించిన జాన్ స్టూవర్ట్ మిల్, 1823 నుంచి 1858 వరకు లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. మన దేశానికి పోయే ఉత్తరువులు తయారు చేసిన చెయ్యి అది. ఆయన పోయిన మూడేళ్ళకు, 1876లో, ధాత కరువు వచ్చింది. బళ్ళారి, కర్నూలు, కడప సీమలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఖర్చు తగ్గించడానికి ప్రభుత్వం సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపింది. 1877లో ఆయన కరువు పనుల్లో మగవాడి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికి, అంటే సుమారు 450 గ్రాములకు, పైన కొద్ది చిల్లరకు కుదించాడు. విచిత్రమేమంటే, 1874 బీహారు కరువులో ఇదే టెంపుల్ బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. ధారాళంగా ఖర్చు చేశాడని నిందలు పడ్డాడు. ఆ నింద తరువాత వచ్చిన కొలత ఇది.

దాన్ని ఎదిరించినవాడు మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్. రాళ్ళు కొట్టే మనిషి శరీరానికి ఒకటిన్నర పౌను ధాన్యమైనా, దానితో పప్పు, కూర వంటివీ కావాలని వాదించాడు. ఆ ఏడే కొలత కొంత పెంచారు. అప్పటికే ఎందరో పోయారు. ఇక్కడ సైన్సు విద్యార్థులు గమనించవలసినది ఒకటుంది. ఖజానా మిగిలితే దేశానికి మేలన్న లెక్కలో 450 గ్రాములతో మనిషి బతకగలడా అన్న అంకె లేదు. కార్నిష్ ఆ అంకె తెచ్చాడు. తప్పుడు తూకంతో ఏ సిద్ధాంతం వాడినా తప్పు జవాబే వస్తుంది.

మరి ఈ పాఠాన్ని ఎట్లా చదవాలి? మన లేబొరేటరీలో సాల్ట్ ఎనాలిసిస్ చేసేటప్పుడు ఒకే రీయేజెంటుతో అన్ని అయానులనూ పట్టుకోలేం. ఒక పరీక్షలో దొరకనిది ఇంకొక పరీక్షలో అవక్షేపంగా దిగుతుంది. నీతి సిద్ధాంతాలూ అంతే. ఫలితాన్ని ఒకటి చూస్తుంది, మాటను ఒకటి, మనిషిని ఒకటి, ఏర్పాటును ఒకటి. అయితే ఒక ప్రమాదముంది. ముందుగానే నిర్ణయం చేసుకుని, దానికి తగిన సిద్ధాంతాన్ని తరువాత వెతుక్కునే తెలివి మనకు బాగా వస్తుంది. ఇంజను పెట్టినవాడు దిగుబడి మాట ఎత్తుతాడు, పెట్టనివాడు ధర్మం మాట ఎత్తుతాడు. ఇద్దరూ వకీళ్ళే. ముందే కావలసిన రంగు అనుకుని టెస్టు చేసేవాణ్ణి మన డిమాన్‌స్ట్రేటరు ఊరుకుంటారా?

కనుక మిత్రులకు నా మనవి ఒక్కటే. ఈ పేపరు చదివేటప్పుడు మీ ఇంటి తగాదా ఒకటి ఎంచుకోండి: గట్టు తగాదా, అప్పు, చెల్లెలి చదువు, ఏదైనా సరే. మీకు నచ్చిన జవాబు ముందు కాగితం మీద రాసుకోండి. తరువాత, ఆ జవాబును కాదనే సిద్ధాంతం ఏదో వెతికి, దాని పక్షాన ఒక పేజీ నిజాయితీగా రాయండి. అప్పటికీ మీ జవాబు నిలిస్తే దాన్ని నమ్మవచ్చు. మార్కులు ఎన్ని వస్తాయో చెప్పలేను గాని, ఎదుటి చేని రైతు మాట మాత్రం తప్పక చెవిన పడుతుంది.