చెవి లేని కప్ప

మన భాషలో తాళానికి పేర్లు పెట్టినవాడెవడో గాని, మంచి హాస్యప్రియుడై ఉండాలి. తలుపుకు వేలాడే ఇత్తడి ముద్దను చూసి కప్ప అన్నాడు. దాన్ని తెరిచేదానికి చెవి అని పేరు పెట్టాడు. ఎంత మంచి కప్ప అయినా చెవి పోయిందంటే ఇక అది ఇంటికి బరువే. అమ్మ దాన్ని పాత ఇనపసామాన్లవాడికి తూకానికి వేసేస్తుంది.

అయితే, పిల్లలూ, చెవి లేని కప్పలనే ఏరి ఏరి కొనుక్కునేవాళ్ళు ఈ లోకంలో ఉన్నారు. వాళ్ళు దొంగలు కారు. పగలంతా ఎవరి ఉద్యోగం వాళ్ళు చేసుకుని, సాయంకాలం బల్ల ముందు కూర్చుని, సన్నని ఉక్కు పుల్లలతో తాళాలు తెరవటం వాళ్ళకు వినోదం. తపాలా బిళ్ళలు పోగుచెయ్యటమూ, చదరంగం ఆడటమూ కలిస్తే ఎలా ఉంటుందో, ఇది అలాంటిదన్నమాట.

ఈ సంగతులేవీ తెలియని రోజుల్లో నేను ఒక పాత కప్ప మూలాన పెద్ద చిక్కులో పడ్డాను. ముందు అది చెబుతాను.

అప్పుడు నేను ఆమదాలవలసకు దగ్గరలో ఒక ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుణ్ణి. బడిలో ఆరు బీరువాలుండేవి. వాటికి ఆరు కప్పలు ఒకేసారి, ఒకే కొట్టులో కొన్నాం. కొన్నాళ్ళకు వాటిలో ఒకటి వానకు తుప్పుపట్టి మొరాయించింది. విరిగిన బల్లలూ, చిల్లులు పడ్డ బాల్చీలూ వేలం వేసినప్పుడు దాన్ని కూడా చెవితో సహా అమ్మేశాం. కాగితం మీద సంతకం పెట్టినది నేనే.

తరవాత పదిహేను రోజులకు ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు వచ్చి నా గది గుమ్మంలో నిలబడ్డాడు. వాళ్ళ నాయన సైకిళ్ళు బాగుచేసే మనిషి. వీడికి దొరికిన వస్తువునల్లా విప్పి చూసే గుణం ఉన్నది. వాడి చేతిలో మా పాత కప్ప! స్టేషను రోడ్డులో పాత సామాన్ల కొట్టులో పది రూపాయలకు కొన్నాడట. కిరసనాయిల్లో నానబెట్టి, తుప్పు వదలగొట్టి, మళ్ళీ పనిచేసేటట్టు చేశాడు.

"భేష్! బాగుచేశావే!" అన్నాను.

వాడి ముఖంలో సంతోషం లేదు. "మేష్టారూ, దీని అడుగున ఒక నంబరున్నాదండి. మీ వెనకాల బీరువా కప్పమీద కూడా అదే నంబరండి," అన్నాడు.

నా వెనకాల ఉన్నది అర్ధసంవత్సర పరీక్షల ప్రశ్నపత్రాలు దాచిన బీరువా. వాడి దగ్గిర చెవి తీసుకుని నేనే తిప్పి చూశాను. కప్ప హాయిగా నోరు తెరిచింది. మిగతా నాలుగు బీరువాలూ తిరిగి చూశాను. అవీ అంతే. ఆరు కప్పలకూ ఒకటే చెవి! ఒక చెవి పోయినా ఇంకొకటి పనికివస్తుందని అలాంటి జట్లు తయారుచేస్తారు. మేము ఆ సంగతి ఎరగక, ఆరు చెవులకూ ఆరు చీటీలు అంటించి, ఆరు దారాలు కట్టి భద్రంగా దాచుకున్నాం. రెండు చెవులు పక్కపక్కన పెట్టి చూసినవాడు మాలో ఒక్కడూ లేడు. తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అన్న సామెత నా విషయంలో అక్షరాలా నిజమైంది.

"నువ్వీ నంబరు ఎప్పుడు చూశావురా?" అని అడిగాను.

"సోమవారం నాడండి. హాజరుపట్టీ ఇవ్వడానికి వచ్చినప్పుడు."

ఆ రోజు శుక్రవారం. అంటే నాలుగు రోజులపాటు ప్రశ్నపత్రాల బీరువా చెవి వాడి జేబులో ఉన్నది. ఆ నాలుగు రోజులూ వాడి మనసులో ఏమేమి జరిగిందో నేను అడగలేదు. ఆ సాయంకాలమే అయిదు కప్పలూ మార్పించాను. వాడి కప్పను నేను కొంటానంటే, పది రూపాయలకన్న ఒక్క పైసా ఎక్కువ పుచ్చుకోనన్నాడు.

అప్పటినుంచీ తాళాలను గురించి చదవటం మొదలుపెట్టాను.

తాళం లోపల ఏముంటుందో చెబుతాను, వినండి. తలుపులోనే బిగించి ఉండే సిలిండరు తాళాన్ని తీసుకుందాం. అందులో ఒక గొట్టం లోపల ఇంకొక చిన్న గొట్టం తిరుగుతుంది. రెండు గొట్టాలనూ కలుపుతూ అయిదారు సన్నని రంధ్రాలుంటాయి. ఒక్కొక్క రంధ్రంలోనూ రెండు ముక్కలుగా తెగిన పిన్ను, దాని పైన స్ప్రింగు ఉంటాయి. చెవి పెట్టనప్పుడు పిన్నుల పై ముక్కలు రెండు గొట్టాలకూ అడ్డంగా దిగి, లోపలి గొట్టాన్ని తిరగనివ్వవు. సరి అయిన చెవి పెడితే దాని పళ్ళు ప్రతి పిన్నునూ ఎంత లేపాలో అంతే లేపుతాయి. పిన్నులు తెగిన చోట్లన్నీ ఒక్క గీతమీదికి వస్తాయి. గొట్టం తిరుగుతుంది. ఈ ఉపాయం ప్రాచీన ఈజిప్టువాళ్ళ కొయ్య తాళాల్లోనే ఉన్నది. 1860 ప్రాంతాల్లో అమెరికాలో లైనస్ యేల్ అనే ఆయన దాన్ని చిన్న ఇత్తడి సిలిండరులో ఇమిడ్చాడు.

అయిదు పిన్నులు, ఒక్కొక్క పిన్నుకు ఆరు ఎత్తులు అనుకోండి. ఆరును అయిదుసార్లు వేసి హెచ్చవేస్తే 7,776 రకాల చెవులు వస్తాయి. మరి ఇన్నిటిలో సరి అయినది లేకుండా ఉక్కు పుల్లతో తాళం ఎలా తెరుచుకుంటుంది? ఎందుకంటే, ఎంత గొప్ప యంత్రం తొలిచినా అయిదు రంధ్రాలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఒక్క వరసలో రావు. గొట్టాన్ని మెల్లగా తిప్పి పట్టుకుంటే అయిదు పిన్నులూ ఒక్కసారి బిగుసుకోవు. ముందు ఒకటే బిగుసుకుంటుంది. దాన్ని సరి అయిన ఎత్తుకు లేపితే గొట్టం రవ్వంత కదులుతుంది. అప్పుడు ఇంకొకటి బిగుసుకుంటుంది. ఇలా ఒక్కొక్కటే! కళ్ళతో చూసేది ఏమీ లేదు. అంతా వేలి కొసల్లో తెలియాలి.

దీన్ని అడ్డటానికి తాళాలు చేసేవాళ్ళు పన్నిన ఎత్తులు అన్నీ ఇన్నీ కావు. కొందరు పిన్నుల నడుమును సన్నగా చెక్కారు. పొందూరు నేతగాళ్ళ దగ్గిర కండె చూశారు కదూ, సుమారు ఆ ఆకారమే. పుల్లతో లేపుతుంటే గొట్టం కొంచెం తిరిగి, తెరుచుకున్నట్టే నటించి ఆగిపోతుంది. ఫిన్లండు దేశపు అబ్లాయ్ తాళంలో స్ప్రింగులే లేవు. బిళ్ళలు వరసగా తిరుగుతాయి. ఆ పద్ధతిని 1907లో ఎమిల్ హెన్రిక్సన్ కనిపెట్టాడు. 1968లో పుట్టిన అమెరికా మెడెకో కంపెనీ తాళంలో పిన్ను సరి అయిన ఎత్తుకు లేస్తే చాలదు, సరి అయిన దిక్కుకు తిరగాలి కూడా. ఆస్ట్రియావాళ్ళు చేసిన ఒక తాళానికి చెవిలో అయస్కాంతాలు ఉంటాయి.

మన దేశంలో కప్పల తయారీకి అలీగఢ్, దిండిగల్ పేరుపడ్డ ఊళ్ళు. బొంబాయిలో అర్దేషిర్ గోద్రెజ్ 1897లో తాళాల పని మొదలుపెట్టాడు. మన ఇళ్ళలోని కప్పలు చాలావాటిలో పిన్నులకు బదులు లీవర్లనే రేకులుంటాయి. ఎత్తు కుదరాలన్న సూత్రం మాత్రం ఒకటే.

తాళాలు తెరవటం పరువైన పందెంగా మారిన కథ లండనులో జరిగింది. అక్కడ జోసెఫ్ బ్రామా అనే ఆయన 1784లో ఒక కొత్తరకం తాళానికి పేటెంటు తీసుకున్నాడు. కొన్నేళ్ళకు పికడిల్లీ వీధిలో తన కొట్టు కిటికీలో ఒక తాళాన్ని పెట్టి, దీన్ని చెవి లేకుండా తెరిచే పనిముట్టు చేసినవారికి 200 గినీలు ఇస్తానని ప్రకటించాడు. బ్రామా 1814లో చనిపోయాడు. తాళం మాత్రం తెరుచుకోలేదు.

ఈ లోపల జెరిమయా చబ్ అనే ఇంకొకాయన 1818లో మరీ గడుసు తాళం చేశాడు. ఎవడైనా పుల్ల పెట్టి ఒక లీవరును మరీ పైకి లేపితే, అది అలాగే బిగుసుకుపోతుంది. యజమాని వచ్చి తన చెవి పెట్టగానే, ఎవరో చెయ్యిపెట్టారని తెలిసిపోతుంది. చెరలో ఉన్న ఒక తాళాల పనివాడికి ఆ తాళం ఇచ్చి, తెరిస్తే శిక్ష రద్దుచేస్తామని ప్రభుత్వమూ, నూరు పౌన్లు ఇస్తామని చబ్ కంపెనీ ఆశపెట్టారు. స్వేచ్ఛకోసం వాడు ఎంత ఓపికగా ప్రయత్నించి ఉంటాడో ఊహించండి! రెండు మూడు నెలలు తంటాలు పడి, చివరకు నా వల్ల కాదన్నాడు.

1851లో లండనులో మహాప్రదర్శన జరిగింది. దానికి ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికావాడు వచ్చాడు. సాక్షుల ఎదట చబ్ తాళాన్ని 25 నిమిషాల్లో తెరిచాడు. తరవాత బ్రామా కిటికీ దగ్గిరికి వెళ్ళాడు. పదహారు రోజులలో సుమారు 51 గంటలు కూర్చుని దాన్ని కూడా తెరిచి, 200 గినీలు పుచ్చుకున్నాడు. అరవై ఏళ్ళకు పైగా కిటికీలో ఉన్న ధీమా కాస్తా పోయింది. ఇలాంటివి బయటపెడితే దొంగలకు చదువు చెప్పినట్టేనని పత్రికల్లో పెద్ద రభస జరిగింది. దొంగలకు అప్పటికే తెలుసుననీ, తెలియనిది కొనేవాళ్ళకేననీ హాబ్స్ పక్షంవాళ్ళు వాదించారు. ఇరవైయేళ్ళు ప్రధానోపాధ్యాయుడుగా బీరువాలు కాసినవాణ్ణి గనక, నా ఓటు హాబ్స్ పక్షానికే. తమాషా ఏమిటంటే, హాబ్స్ తనతో తెచ్చి గొప్పచెప్పిన అమెరికా తాళాన్ని ఆ తరవాత తెరిచినవాడు మన పిన్నుల తాళం యేలే! బ్రామా తాళం ఇప్పుడు లండను సైన్సు మ్యూజియంలో ఉన్నది.

హాబ్స్ వారసులు ఈ కాలంలో సంఘాలు పెట్టుకున్నారు. జర్మనీలో 1997లో హాంబర్గు నగరంలో ఒక సంఘం పుట్టింది. తరవాత హాలండులో టూల్ అనే సంఘం ఏర్పడింది. గడియారం పెట్టుకుని పోటీలు జరుపుతారు. వీళ్ళకు రెండు కట్టుబాట్లున్నాయి. తనది కాని తాళం, యజమాని అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. వాడుకలో ఉన్న తాళాన్ని, అది తన ఇంటిదే అయినా, తెరవకూడదు. పుల్ల విరిగినా, పిన్ను జారినా ఆ రాత్రి వీధిలో పడుకోవలసిందే.

అందుకని వీళ్ళకు విడి తాళాలు కావాలి. గట్టి తాళాలు కొత్తవి కొనాలంటే వేల రూపాయలు. పాతవైతే చవక. పెద్ద భవనాలు బాగుచేసేటప్పుడు ఊడదీసిన సిలిండర్లు బుట్టలకొద్దీ పాత సామాన్లవాళ్ళకు చేరుతాయి. అభిరుచిగలవాళ్ళు వాటిని కొని, తెరిచి, విప్పి, తుడిచి, బొమ్మ గీసుకుని, మళ్ళీ బిగించి ఇంకొకరికి అమ్ముతారు, లేదా మారకం వేస్తారు. జూడోలో లాగ తెల్లపట్టీ నుంచి నల్లపట్టీ దాకా మెట్లు ఏర్పాటు చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. పై మెట్టుకు పనికివచ్చే తాళం అంటే ధర చెట్టెక్కుతుంది. డ్రిల్లుతో తొలిచినదానికి విలువ లేదు. చెవి ఉన్నా కవరులో వేసి అతికించి ఇమ్మనేవాళ్ళు ఉంటారు. అమ్మేవాడు మర్యాదస్తుడైతే లోపలి గుట్టు చెప్పడు. పొడుపుకథ వేస్తూ విడుపు కూడా చెప్పేస్తే వినేవాడికి ఏం మిగులుతుంది?

ఇక్కడే మా బడి బీరువాల సంగతి మళ్ళీ వస్తుంది. హోటళ్ళలో, ఆఫీసుల్లో ప్రతి గదికీ వేరే చెవి ఉంటుంది. మేనేజరు దగ్గిర అన్ని గదులనూ తెరిచే చెవి ఒకటి ఉంటుంది. దానికోసం పిన్నులను రెండుకు బదులు మూడు ముక్కలు చేస్తారు. ఒక తెగిన చోటు గదివాడి చెవికి, రెండోది మేనేజరు చెవికి. కనక అలాంటి భవనం నుంచి వచ్చిన పాత సిలిండరును బల్లమీద విప్పినవాడికి, తెలివి ఉంటే, ఆ భవనమంతా చేతికి వచ్చినట్టే! 2003లో మాట్ బ్లేజ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు, తాళం విప్పనక్కరలేకుండా ఒక గది తాళమూ దాని చెవీ ఉంటేనే మేనేజరు చెవి తయారుచెయ్యవచ్చునని ప్రకటించాడు. తాళాల పనివాళ్ళలో కొందరికి అది పాత సంగతే. భవనాల యజమానులకు మాత్రం గుండెలు జారాయి.

2012లో న్యూయార్కులో ఇంకా ఘోరం జరిగింది. పని మానుకున్న ఒక తాళాల పనివాడు తన పాత గుత్తి ఒకటి 150 డాలర్లకు అమ్మాడు. కొన్నవాడు పత్రికా విలేఖరి గనక సరిపోయింది. అవి ఆ నగరంలో లిఫ్టులకూ, భూగర్భ రైలు గేట్లకూ పనికివచ్చే చెవులు! అసలు చెవి చేతికి రావాలని కూడా లేదు. విమానాశ్రయాల్లో ప్రయాణీకుల పెట్టెలు తనిఖీ చేసేవాళ్ళ చెవుల ఫోటోను 2014లో ఒక అమెరికా దినపత్రిక వేసింది. మరుసటి ఏడు ఆ ఫోటో చూసే కొందరు వాటికి మారు చెవులు తయారుచేశారు.

అందుకే ఎరిగినవాడు పాత సిలిండరును అమ్మే ముందు దాని పిన్నులు కలగలిపి పెడతాడు. అది ఏ భవనం నుంచి వచ్చిందో చెప్పడు. కొనేవాడు అడగడు. మేము ఆనాడు ఈ పనులేవీ చెయ్యలేదు సరికదా, చెవి కూడా కప్పకే వేలాడగట్టి మరీ ఇచ్చాం!

పోయిన నెల నేను అదే స్టేషను రోడ్డులో ఒక ఇత్తడి కప్పను కొన్నాను. తూకం వేస్తే ముప్పావు కిలో. చెవి లేదు. మా మనమడి లెక్క ప్రకారం లోపల ఏడు లీవర్లున్నాయి. సైకిలు పుల్లను ఆకురాయితో అరగదీసి రెండు పనిముట్లు చేసుకున్నాను. రోజూ సాయంకాలం అరగంట కూర్చుంటాను. అయిదు లీవర్లు లొంగాయి. ఆరోదాని దగ్గిరికి వచ్చేసరికి చెయ్యి వణికి మొదటికి వస్తున్నది. మనమడు తనకిమ్మంటాడు గాని, ఇంకో వారం గడువు అడిగాను.