బీరువాల్లో పొడి అవుతున్న ఉర్దూ శాస్త్ర గ్రంథాలు

వైద్యం, ఇంజనీరింగ్, భౌతికశాస్త్రం వంటి ఉన్నత చదువులు ఇంగ్లీషులో తప్ప సాధ్యం కావని నేడు చాలామంది నమ్ముతున్నారు. కానీ మన హైదరాబాదులోనే దాదాపు మూడు దశాబ్దాల పాటు ఈ శాస్త్రాలను ఉర్దూలో బోధించారు. ఆ చదువుకు ఆధారమైన పాఠ్యగ్రంథాలు ఇప్పుడు అరుదైపోయాయి. పాత కళాశాలల గ్రంథాలయాల్లో మిగిలిన ప్రతులను కాపాడుకోవలసిన బాధ్యత మనందరిపై ఉంది.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, 1917లో 'దారుల్ తర్జుమా' అనే అనువాద సంస్థ ఏర్పడింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపితమైంది. తరగతులు 1919లో మొదలయ్యాయి. అంటే పాఠాల కన్నా ముందే పుస్తకాల పని ప్రారంభమైందన్న మాట. మౌల్వీ అబ్దుల్ హఖ్ సారథ్యంలో గణితం, రసాయనం, చరిత్ర, న్యాయం, వైద్యం మొదలైన విషయాల గ్రంథాలు ఉర్దూలోకి వచ్చాయి. ఇంగ్లీషు శాస్త్ర పదాలకు ఉర్దూలో సమానార్థకాలు కల్పించడం అన్నిటికన్నా కష్టమైన పని. పదాల కల్పన ఎలా జరగాలో వివరిస్తూ మౌల్వీ వహీదుద్దీన్ సలీం 1921లో ఏకంగా ఒక గ్రంథమే వెలువరించారు.

1948 తరువాత బోధనా భాష ఇంగ్లీషుకు మారింది. దానితో ఆ పుస్తకాలను అడిగేవారు తగ్గిపోయారు. అడిగేవారు లేని పుస్తకాన్ని మళ్లీ అచ్చువేసేవారూ ఉండరు కదా!

వీటికి మొదటి శత్రువు కాగితమే. చేతితో తయారైన పాతకాలపు కాగితంపై రాసిన ప్రతులు మూడు నాలుగు వందల ఏళ్లు నిలిచాయి. ఇరవయ్యో శతాబ్దంలో అచ్చైన పుస్తకాల్లో ఎక్కువ భాగం కలప గుజ్జు కాగితంపై వచ్చాయి. సిరా పాకకుండా ఆ కాగితానికి పటిక కలిపేవారు. అందులోంచి పుట్టే ఆమ్లం కాగితాన్ని లోలోపలే తింటుంది. పుట పసుపుబారి, పెళుసెక్కి, చివరకు తిప్పగానే విరుగుతుంది. తేమ, ఎండ, చెదలు ఆ నాశనాన్ని మరింత తొందరపెడతాయి.

కాపాడే మార్గాలు లేకపోలేదు. పుస్తకాలను గోడకు ఆనించకుండా, గాలి ఆడే బీరువాల్లో, ఎండ తగలని చోట ఉంచాలి. చిరిగిన పుటకు సెల్లోటేపు అంటించడం మేలు కాదు, కీడు; దాని జిగురు కాలక్రమేణా మరకై అక్షరాలను మింగేస్తుంది. పలుచని, ఆమ్లం లేని కాగితంతో, గోధుమపిండి జిగురుతో అతకడం సరైన పద్ధతి. లామినేషన్ చేయించకూడదు. బాగా పెళుసైన గ్రంథాన్ని ఆమ్లం లేని అట్టపెట్టెలో భద్రపరచి, పాఠకులకు నకలు ఇవ్వడం ఉత్తమం.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చెందిన వేలాది పుస్తకాలను స్కాన్ చేశారు. ఇది గొప్ప మేలు. అయితే స్కాన్‌లో పుటలు తప్పిపోవచ్చు, అక్షరాలు మసకబారవచ్చు. సరిచూసుకోవడానికి అసలు ప్రతి ఉండి తీరాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. మన పిల్లల్లో చాలామంది తెలుగు, ఇంగ్లీషు మీడియంలో చదువుతూ ఉర్దూ లిపికి దూరమవుతున్నారు. పేరే చదవలేని పుస్తకం విలువ ఎవరికి తెలుస్తుంది? అలాంటి పుస్తకం చెదల కన్నా ముందు తూకానికి పోతుంది.

కనుక ఉర్దూ చదవగలిగిన పెద్దలు, విశ్రాంత ఉపాధ్యాయులు తమ ఊరి కళాశాల గ్రంథపాలకుని కలవాలి. పుస్తకాల పేర్లు, రచయితలు, ముద్రణ సంవత్సరాలతో జాబితా తయారుచేయడంలో సాయపడాలి. ఆ పనిలో ఇంటి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోవాలి. అలాగే తాతల నాటి ట్రంకుపెట్టెల్లో ఇలాంటి పాఠ్యగ్రంథాలుంటే పాతకాగితాల వానికి వేసేముందు ఒక్కసారి తెరిచి చూడండి. అది మరెక్కడా దొరకని ప్రతి కావచ్చు.