బీరువాలోంచి బయటికొచ్చిన బ్యాండు

ఈ జనవరి 26న షోలాపూర్‌లో మా పేట హైస్కూలు గ్రౌండులో 18 మంది పిల్లలు బ్యాండు వాయించిండ్రు. అందులో 11 మంది ఆడపిల్లలే. నేను ముందు వరుసలో కూర్చున్న. నాకు చెవులు సరిగ్గ వినపడవు. మిల్లులో కొన్నేండ్లు, మిల్లు మూతబడ్డంక సాంచాల మీద కొన్నేండ్లు, మొత్తం 40 ఏండ్లు ఆ చప్పుడులోనే బతికినోణ్ణి. ట్రంపెట్ నాకు ఎక్కడో దూరాన రైలు కూసినట్టు వినపడ్డది. పెద్ద డోలు మాత్రం సక్కగ గుండెకు తగిలింది. జాతీయగీతం 52 సెకండ్లల్ల అయిపోవాలని వాళ్ళ మాస్టరు ముందే చెప్పిండట. మా పిల్లలకు నిమిషం దాటింది. అయినా గ్రౌండుల ఒక్కరు గూడ కదలలేదు.

ఆ వాయిద్యాలల్ల ఒక్కటి గూడ కొన్నది కాదు. అన్నీ దానం వచ్చినవే. "ఆ సంగతి మన పత్రికకు రాయి కాకా" అని పిల్లలు అడిగితే కలం పట్టిన. నేను చదివింది తెలుగు బడిలో నాలుగో తరగతి దాకనే. తప్పులుంటే దిద్దుకొని చదువుకోండ్రి.

మేస్త్రి ఇంటి అటక

మా గల్లీలో ఒక బ్యాండు పార్టీ ఉండేది. పెండ్లిళ్ళకు, బరాత్‌లకు, రాఖీ పున్నమినాడు మార్కండేయ రథం ఊరేగింపుకు వాళ్ళు వాయించేటోళ్ళు. డీజే బండ్లు వచ్చినంక వాళ్ళను పిలిచేటోళ్ళు తగ్గిండ్రు. ఒక్కొక్కరు ఒక్కో పనికి పోయిండ్రు. మేస్త్రి కాలం చేసిండు. కొడుకులు సాంచాలు నడుపుతరు, వాళ్ళకు ఈ విద్య రాదు.

రెండేండ్ల కింద వానకాలంల ఆ ఇంటి కప్పు రిపేరుకు వచ్చింది. అటక మీది సామాను దించితే మూడు ట్రంపెట్లు, రెండు క్లారినెట్లు, ఒక పెద్ద ఇత్తడి బూర, నాలుగు సైడ్ డ్రమ్ములు, ఒక పెద్ద డోలు, ఒక జత తాళాలు బయటపడ్డయి. ట్రంపెట్ల మీద మీరట్ అని అచ్చు కొట్టి ఉంది. మన దేశంలో బ్యాండు వాయిద్యాలకు మీరట్‌ది పెద్ద పేరు. అక్కడ జలీ కోఠీ అనే బజారు మొత్తం ఇదే పని.

భంగార్‌వాడు వచ్చి ఇత్తడిని కిలోల లెక్కన అడిగిండు. మేస్త్రి భార్య, నాకు వదినె వరుస, తలుపుకు అడ్డం నిలబడ్డది. "మీ అన్న దీంతోటి మా అందరి కడుపులు నింపిండు. దీన్ని కరగబెడితే నేను చూడలేను. బడికి ఇస్త" అన్నది.

ఆ మాట నాకు తగిలింది. మిల్లు మూతబడ్డంక మా మగ్గాలు భంగార్ కింద లారీలెక్కి పోతుంటే గేటు బయట నిలబడి చూసినోణ్ణి నేను. నేను జాబర్ పని చేసిన మగ్గాలు గూడ అందులో ఉండె. అప్పుడు చేతులు కట్టుకొని చూసుడు తప్ప ఏం చేయలేకపోయిన.

బీరువా కథ

ఇద్దరం బడికి పోయినం. హెడ్మాస్టరు మర్యాదగ కూర్చోబెట్టిండు గని ఆయన ముఖంల సంతోషం కనబడలేదు. తర్వాత అర్థమైంది. ఆయన లేచి పక్క గదిలో ఒక ఇనుప బీరువా తెరిచి చూపించిండు. లోపల చాన ఏండ్ల కింద ఎవరో దాత ఇచ్చిన సెట్టు ఉంది. రెండు బిగిళ్ళు, మూడు డ్రమ్ములు, ఒక ట్రయాంగిల్. డ్రమ్ముల తోలు ఎలుకలు కొరికినయి. రిమ్ములు తుప్పు పట్టినయి. బిగిళ్ళ మీద దాత పేరు రాసిన స్టిక్కర్ మాత్రం కొత్తగనే ఉంది.

"ఎందుకు తీయలేదు సార్?" అని అడిగిన.

"ఇవన్నీ డెడ్ స్టాక్ రిజిస్టర్‌ల రాసి ఉంటయి. నేను రిటైరైన నాడు ఒక్కొక్కటి లెక్క అప్పజెప్పాలె. పిల్లలు పడగొడితే, పోగొడితే నేను కట్టాలె. నేర్పేటోడు లేడు. నేర్పేటోడు లేకుంట పిల్లల చేతికి ఎట్లిస్త?" అన్నడు.

ఆయన మాటల తప్పు పట్టలేం. మన దగ్గర దానం అంటే ఒక దినం పండుగ. దండ వేస్తరు, ఫొటో తీస్తరు, కొబ్బరికాయ కొడతరు. తెల్లారి నుంచి ఆ వస్తువును ఎవరు చూసుకోవాలె అన్నది ఎవరూ అడగరు. నడవని మిషను తుప్పు పడతది. ఇది మిల్లులో పనిచేసినోనికి ఒకరు చెప్పనక్కరలేదు.

వదినె అప్పుడొక మాట అన్నది. "సారూ, వాయిస్తమంటేనే ఇస్త. బీరువాలో పెట్టేటట్టయితే మా అటకనే మంచిది."

ఆఖరికి మూడు మాటల మీద ఒప్పుకున్నం. ఒకటి, వాయిద్యాలు పనికొచ్చేటట్టు నేను బాగుచేయాలె. రెండు, నేర్పే మనిషిని పేటవాళ్ళం మేమే తేవాలె. మూడు, ప్రతి వాయిద్యానికి ఒక నంబరు, ఒక కార్డు. మిల్లులో ఏ మగ్గం ఎవరి చేతిల ఉన్నదో రాసిపెట్టినట్టే, ఏ వాయిద్యం ఏ పిల్ల చేతిల ఉన్నదో కార్డు మీద రాసి, తల్లో తండ్రో సంతకం పెట్టాలె. వాయించి వాయించి అరిగితే ఎవరూ కట్టనక్కరలేదు. పోగొడితేనే కట్టాలె.

రిపేరు

బడి వరండాలో చాప వేసుకొని కూర్చున్న. ఇంటర్వెల్‌ల పిల్లలు చుట్టూ మూగేది. "చెవుడు తాత బ్యాండు రిపేరు చేస్తుండు" అని నవ్వుకునేది. నవ్వనీ అనుకున్న.

ట్రంపెట్‌కు మూడు పిస్టన్లు ఉంటయి. మూడూ బిగుసుకొని ఉన్నయి. పక్కడుతోటి లాగితే గొట్టం సొట్ట పోతది. పల్చటి నూనె చుక్కలు వేసి రాత్రంతా వదిలిపెట్టి, తెల్లారి వేళ్ళతోటి మెల్లగ కదిలిస్తే వదులైనయి. రెండో ట్రంపెట్ కాడ నేనే తప్పు చేసిన. తుడిచి మళ్ళ పెట్టిన. ఊదితే గాలి పోదు. ఎంత చూసినా అర్థం కాలేదు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె వంగి చూసి, "తాతా, దీని మీద 2 అని ఉంది, నువ్వు 3లో పెట్టినవ్" అన్నది. నిజమే. ఏ పిస్టన్ ఆ గొట్టంలనే కూర్చోవాలె, లేకుంటే గాలి దారులు కలువవు. ఇంతేండ్ల జాబర్‌కు పాఠం చెప్పింది ఆ పిల్ల.

వదినె చింతపండు, బూడిద తెచ్చి ఇత్తడి తోముతనని కూర్చున్నది. బయట ఎట్లన్న తోము గని పిస్టన్ల దగ్గరికి బూడిద పోనీయకు అని చెప్పిన. ఒక్క ఇసుక రవ్వ పోయినా గీతలు పడి మళ్ళ బిగుసుకుంటది.

డ్రమ్ములకు తోలు బదులు ప్లాస్టిక్ పొరలు తెప్పించినం. అవి వానకాలంల సాగవు, ఎలుకలు ముట్టవు. బిగించేటప్పుడు వరుసగ ఒక పక్క నుంచి బిగించొద్దు. ఒక బోల్టు బిగిస్తే తర్వాత దాని ఎదురుగ ఉన్నది బిగించాలె. మిషను ఫ్రేముకు ఏ లెక్కనో డ్రమ్ముకూ అదే లెక్క.

క్లారినెట్‌కు నోటి కాడ సన్నని బద్ద ఉంటది, రీడు అంటరు. మా మగ్గానికీ రీడు ఉండె, పడుగు దాంట్లోంచే పోయేది. పేరొకటే, పని వేరు. ఈ రీడు పగులుతది, అరుగుతది, మార్చుకుంట పోవాలె. ఒక క్లారినెట్ కట్టె నిలువునా చీలి ఉండె. అది నా చేతి పని కాదని పక్కన పెట్టిన. మూడో ట్రంపెట్‌ల సామాను తీసి మిగతా రెండింటికి వాడిన. వచ్చినవన్నీ బతుకలేదు, ఉన్నమాట చెప్పాలె.

నేర్పిన మనిషి

నేర్పేటోడు వెతకనవసరం లేకుంట దొరికిండు. అదే పార్టీలో క్లారినెట్ ఊదిన అన్న. ఇప్పుడు ఒక టవల్ కార్ఖానాల రాత్రి వాచ్‌మన్. పొద్దున డ్యూటీ దిగి వారానికి మూడు దినాలు ఏడు గంటలకు బడికి వస్తడు. ఆయనకు కాగితం మీది నొటేషన్ రాదు. సరిగమలు పాడి, వేళ్ళు పెట్టి చూపిస్తడు. పిల్లలు అట్లనే పట్టుకున్నరు.

ముందు ఆయన పైసలు వద్దన్నడు. మేము ఒప్పుకోలేదు. వాయిద్యం ఇచ్చేటోళ్ళు దొరుకుతరు, నేర్పినోనికి జీతమిచ్చేటోళ్ళు దొరుకరు. అక్కడనే అన్ని బ్యాండ్లు ఆగిపోతయి. మా గల్లీలో 25 మంది నెలకు 100 చొప్పున వేసుకుంటున్నం. 2000 ఆయనకు, 500 రీడ్లకు, నూనెకు, డ్రమ్ము పుల్లలకు. లెక్క కాగితం ప్రతి నెల బడి గోడకు అంటిస్తం.

ఒక దినం ఆయన నాతోటి అన్నడు. "తమ్మీ, ఇన్నేండ్లు పెండ్లిళ్ళల్ల వాయించిన. ఆఖరు బంతిలనే అన్నం పెట్టిండ్రు. 'ఏయ్ బ్యాండోడా' అని తప్ప పిలిచినోడు లేడు. ఈ పిల్లలు సార్ అంటుండ్రు." నాకు మాట పూర్తిగ వినపడలేదు. పెదవులు చూసి అర్థం చేసుకున్న. మేస్త్రి బతికుంటే ఆయననూ సార్ అనేటోళ్ళు. మన మధ్యనే ఉన్న మనిషికి మనం ఆ మర్యాద ఎన్నడూ ఇయ్యలేదు.

బీడీల లెక్క

పిస్టన్ నంబరు పట్టుకున్న పిల్లకే ట్రంపెట్ ఇచ్చినం. కార్డు మీద సంతకానికి వాళ్ళమ్మ దగ్గరికి పోయిన. ఆమె రోజుకు 1000 బీడీలు చుడుతది. సాయంత్రం బిడ్డ కూర్చొని ఆకు కత్తిరిస్తేనే లెక్క పూర్తి.

"బూర ఊదితే ఎన్ని బీడీలు తక్కువైతయో ఎరుకనా మామా? తంబాకు దుమ్ముకు నాకే దమ్ము పట్టింది. దాన్ని గూడ ఊది ఊది దమ్ము తెచ్చుకొమ్మంటవా? ఆడపిల్ల బరాత్‌ల నిలబడి ఊదుతదా?" అని గట్టిగనే అడిగింది.

ఆమె మాటలు తీసేసేటియి కావు. అందుకే ప్రాక్టీసు సాయంత్రం కాకుండ పొద్దున పెట్టినం. ఇది బరాత్ కోసం కాదు, బడి కోసం అని చెప్పినం. వాయిద్యాన్ని బడిలోనే పెడతం, ఇంట్లో ఇబ్బంది ఉండదన్నం. మూడుసార్లు తిరిగినంక వేలిముద్ర వేసింది.

అందరి కథ ఇట్ల కాలేదు. సైడ్ డ్రమ్ము అందరికంటె మంచిగ కొట్టే పోరడు దీపావళి తర్వాత రాలేదు. తండ్రి మంచం పట్టిండు, పోరడు సాంచాల మీద కాండీలు పెట్టే పనికి పోయిండు. ఆ కార్డు మీద వాని పేరు ఇంకా కొట్టేయలేదు. వాణ్ణి మళ్ళ బడికి తెచ్చే పని మా మీద ఉంది.

నేను ఇంకో నియమం గూడ పెట్టిన. ప్రాక్టీసు రేకుల గదిలో కాదు, చెట్టు కింద. ట్రంపెట్ నోటికి ఎదురుగ ఎవరూ నిలబడొద్దు. గంటకంటె ఎక్కువ వద్దు. చప్పుడు చెవిని మెల్లమెల్లగ తింటది. పోయిన చెవి మళ్ళ రాదు. మా కాలంల మాకు ఇది చెప్పినోడు లేడు, పిల్లలకు నేను చెప్తున్న.

ఇచ్చేటోళ్ళకు నాలుగు మాటలు

మన బస్తీలల్ల అటకల మీద డోళ్ళు, హార్మోనియాలు, బూరలు ఉన్నోళ్ళు ఉంటరు. ఇయ్యాలనుకుంటే ముందు బడికి పోయి, నేర్పేటోడు ఉన్నడా, ఎన్ని గంటలకు నేర్పుతరు అని అడుగుండ్రి. దానం వచ్చిన ఆవు పండ్లు లెక్కపెట్టొద్దంటరు. బడివాళ్ళు లెక్కపెట్టాలె అంటాన్నేను. బాగుచేయలేని సామాను ఇస్తే వాళ్ళ బీరువా నిండుతది, అంతే.

ఇచ్చేటప్పుడు వస్తువుతోటి కనీసం ఒక ఏడాది రిపేరు ఖర్చు గూడ ఇయ్యుండ్రి. పైసలు లేకుంటే చేతిపని ఇయ్యుండ్రి. జాబర్లు, ఫిట్టర్లు, కుట్టుపని వచ్చిన అక్కలు మనలో ఎంతమంది లేరు? మా డ్రమ్ములకు బెల్టులు, సంచులు కుట్టింది చద్దర్ల కార్ఖానాల పనిచేసే ఆడోళ్ళే, మిగిలిన తునకలతోటి. మూతి పెట్టి ఊదేవాటిని మాత్రం ఒకరి తర్వాత ఒకరికి ఇచ్చేముందు గోరువెచ్చని సబ్బునీళ్ళతోటి కడగాలె.

జనవరి 26న ఆ పిల్ల తల్లి వచ్చింది. గేటు కాడనే నిలబడ్డది, లోపలికి రాలేదు. అంతా అయినంక నా దగ్గరికి వచ్చి, "ఈ పూట 200 బీడీలు తక్కువైనయి మామా" అన్నది. కోపంగ అనలేదు. మా వదినె ఆమెను చెయ్యి పట్టుకొని పిల్లల దగ్గరికి తీసుకపోయింది.

బీరువా ఇప్పుడు ఖాళీగ ఉంది. అందులో చాక్‌పీసు డబ్బాలు పెట్టుకుంటుండ్రు.