ఆ ‘మూడో పక్షం’ ఎవరు?

ఇరాక్ రాజధాని బాగ్దాద్‌లోని తహ్రీర్ కూడలిలో 2019 చివర్లో సర్కారు మీద నిరసనలు సాగినప్పుడు అంబులెన్సుల పని ఆటోలు చేశాయి. అక్కడ వాటిని టుక్‌టుక్‌లంటారు. చాలావరకు మన దేశం నుంచి వెళ్లిన బజాజ్ బళ్లే. సదర్ సిటీ లాంటి పేదల పేటల కుర్రాళ్లు తోలుకునే బండి అది, కలిగినవాళ్లకు చిన్నచూపు. బాష్పవాయువు పొగలో, కిక్కిరిసిన జనంలో అంబులెన్సు కదల్లేని చోటికి ఈ కుర్రాళ్లు దూరిపోయారు. నెత్తురోడుతున్నవాళ్లను ఎక్కించుకుని, కిరాయి ఊసెత్తకుండా ఆస్పత్రికి చేర్చారు. నిరసనకారులు తాము తెచ్చిన పత్రికకు ‘టుక్‌టుక్’ అనే పేరు పెట్టుకున్నారంటే ఆ బండికి దక్కిన గౌరవం తెలుస్తుంది.

అక్టోబరు 1న రోడ్డెక్కినవాళ్లలో కుర్రకారే ఎక్కువ. 2003లో అమెరికా సేనలు దిగేనాటికి వాళ్లలో చాలామంది పసిపిల్లలు. కారు బాంబులు, మతవర్గాల కొట్లాటలు, ఐసిస్ దాడుల నడుమ పెరిగారు. చమురు మీద తేలే దేశంలో వేసవి వస్తే కరెంటుండదు, పట్టా ఉన్నా కొలువు దొరకదు. పదవులు మాత్రం వాటాలు: ప్రధాని షియా, అధ్యక్షుడు కుర్దు, స్పీకర్ సున్నీ. ‘మాకో దేశం కావాలి’ అన్నది కుర్రాళ్ల నినాదం. పాలకులను అంతగా భయపెట్టింది కరెంటు అడగడం కాదనీ, ఆ నినాదంలో ఏ వర్గం పేరూ లేకపోవడమేననీ నాకనిపిస్తుంది.

శాంతియుతంగా గుమికూడే హక్కు ఇరాక్ రాజ్యాంగంలో 38వ అధికరణం. రాసుకున్నది 2005లో. పద్నాలుగేళ్ల తర్వాత ఆ హక్కు వాడుకోబోతే ముందు ఇంటర్నెట్ ఆగింది, ఆపైన మేడల మీంచి తూటాలొచ్చాయి. మొదటి వారంలోనే 149 మంది పౌరులు చనిపోయారనీ, వారిలో నూటికి డెబ్బై మందికి పైగా తలకో ఛాతీకో దెబ్బ తగిలిందనీ చెప్పింది ఎవరో విదేశీ సంస్థ కాదు, ప్రభుత్వం వేసిన కమిటీయే. గుంపును చెదరగొట్టడానికి కాలిస్తే గుండు తలకే ఎందుకు తగులుతుంది?

బాష్పవాయువు గోళాల కథ ఇంకా ఘోరం. పోలీసులు మామూలుగా వాడేవి 25 నుంచి 50 గ్రాములుంటాయి. బాగ్దాద్‌లో పేల్చినవాటిలో సైన్యం కోసం చేసినవి ఉన్నాయనీ, ఒక్కొక్కటి 220 నుంచి 250 గ్రాములు తూగిందనీ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ తేల్చింది. తయారీ సెర్బియా, ఇరాన్. వీటిని పైకి పేల్చి జనం ముందు పడేలా చేయాలి. ఇక్కడ సూటిగా మనుషుల మీదికే పేల్చారు. పుర్రెల్లోకి దూసుకుపోయిన గోళాలను వైద్యులు ఎక్స్‌రేల్లో చూశారు. ఉద్యమానికి ముఖంగా నిలిచిన యువకుడు సఫా అల్ సరాయ్ అలాగే పోయాడు. తల్లి సన్వా పేరు కలిపి ‘ఇబ్న్ సన్వా’ (సన్వా కొడుకు) అని ఉద్యమకారులు అతణ్ని పిలుచుకుంటారు.

ఆ గోళాలు మేం తెప్పించలేదు, చంపుతున్నది ‘మూడో పక్షం’ అన్నాడు నాటి రక్షణ మంత్రి నజా అల్ షమ్మరీ. కూడలిలో ఆ మాట ఛలోక్తి అయిపోయింది. చమురు బావులు కాపలా కాసే సర్కారుకు రాజధాని మేడల మీద ఎవరున్నారో తెలియదట!

నవంబరు 28న దక్షిణాది నాసిరియాలో పదుల సంఖ్యలో జనం బలయ్యారు. మర్నాడే ప్రధాని ఆదిల్ అబ్దుల్ మహ్దీ రాజీనామా చేస్తానన్నాడు. మొత్తం మీద ఉద్యమంలో మృతులు దాదాపు 600 మంది.

కూడలిలో జనం పలచబడ్డాక మూడో పక్షం ఇళ్లకు వచ్చింది. ఉద్యమాన్ని సమర్థించిన భద్రతా నిపుణుడు హిషామ్ అల్ హాషిమీని 2020 జులైలో బాగ్దాద్‌లో సొంతింటి ముందే కాల్చారు. ఆగస్టులో బస్రాలో ఉద్యమకారిణి డాక్టర్ రిహామ్ యాకూబ్‌ను కారులో ఉండగా చంపారు. 2021 మేలో కర్బలాలో ఉద్యమకారుడు ఇహాబ్ అల్ వజ్నీ వంతు వచ్చింది. ఆయన తల్లి కోర్టు ఎదుట గుడారం వేసుకుని కూర్చుంది. హాషిమీ కేసులో ఒక పోలీసు అధికారికి 2023లో మరణశిక్ష పడింది గానీ, పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

అదే ఏడాది భావప్రకటన, శాంతియుత సమావేశాల బిల్లును పార్లమెంటు మళ్లీ ముందుకు తెచ్చింది. సభ పెట్టుకోవాలంటే అయిదు రోజుల ముందే అనుమతి కోరాలని, నిర్వాహకుల పేర్లు దరఖాస్తులో రాయాలని అప్పటి బిల్లులో ఉంది. అక్టోబరు ఉద్యమానికి అసలు నాయకుడే లేడు. ఉంటే మాత్రం, వజ్నీకి ఏమైందో చూశాక, తన పేరు రాసి ఆ కాగితం కింద సంతకం పెట్టే మొదటివాడెవరు?