ఇంజన్ కడిగే సీసా: ఎవరికి అవసరం, ఎవరికి దండగ

బండి సర్వీసుకు ఇచ్చినప్పుడు ఈ మధ్య గ్యారేజీల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తున్నది. "అన్నా, ఆయిల్ మార్చేముందు ఇంజన్ ఫ్లష్ కూడా కొట్టేద్దామా? లోపలి కచరా అంతా పోతది." వెనక అలమారలో రంగురంగుల సీసాలు వరుసగా నిలబడి ఉంటాయి. కాదంటే ఇంజన్ పాడవుతుందేమోనని భయం, సరేనంటే బిల్లు పెరుగుతుందని దిగులు. చాలామంది భయానికే లొంగిపోతారు.

మిల్లులు మూతపడ్డాక మన బస్తీల్లో ఎంతోమంది పిల్లలు స్టీరింగు పట్టుకున్నారు. కొందరిది టాక్సీ, కొందరిది స్కూలు వ్యాను, కొందరిది సరుకు మోసే టెంపో. ఎక్కువ బండ్లు సెకండ్ హ్యాండువే, వాటిమీద ఇంకా వాయిదాలు నడుస్తున్నవే. ఇంజన్ విప్పాల్సి వస్తే ఖర్చు ఒక్కటే కాదు, బండి నిలబడిన అన్ని రోజులూ ఇంట్లో సంపాదన ఆగిపోతుంది. అందుకే ఈ సీసాలో ఏముంది, అది ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు కీడు చేస్తుంది అన్నది తెలుసుకుని ఉండటం మంచిది.

ఆయిల్‌లోనే సబ్బు ఉంది

ఇంజన్ ఆయిల్ అంటే జారుడు కోసం పోసే నూనె మాత్రమే అనుకుంటాం. డబ్బాలో ఉండేది ఒట్టి నూనె కాదు. సుమారు 10 నుంచి 25 శాతం దాకా రకరకాల మందులు కలిసి ఉంటాయి. అరుగుదల ఆపేది ఒకటి, నురగ రాకుండా చూసేది ఒకటి, వేడికి నూనె మరీ పలచబడకుండా కాపాడేది ఒకటి. వీటితోపాటు శుభ్రం చేసేవి రెండు ఉంటాయి. మొదటిది డిటర్జెంటు. ఇది వేడి భాగాలమీద మడ్డి అంటకుండా చూస్తుంది, ఆమ్లాలను విరుస్తుంది. రెండోది డిస్పర్సెంటు. మసి కణాలు ఒకదానికొకటి అంటుకుని ముద్దకట్టకుండా ఇది నూనెలోనే తేలుతూ ఉంచుతుంది. ఆయిల్ మార్చినప్పుడు ఆ మసి నూనెతోపాటే బయటికి పోతుంది.

కాబట్టి ఆయిల్ నల్లబడింది అంటే చెడిపోయిందనే అర్థం కాదు. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కొన్ని వందల కిలోమీటర్లకే నల్లగా అవుతుంది. అది మసిని పట్టుకుంటున్నదన్నమాట, తన పని తాను చేస్తున్నదన్నమాట. సీఎన్‌జీ బండిలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. మసి తక్కువ గనక ఆయిల్ చాలాకాలం తేనె రంగులోనే కనిపిస్తుంది. "ఇంకా శుభ్రంగానే ఉంది కదా" అని మార్చడం వాయిదా వేస్తే, పైకి బాగున్నా లోపల మందులు అయిపోయిన నూనెతో బండి నడుస్తుంది.

మడ్డి ఎట్లా పేరుకుంటుంది

మిల్లులో పనిచేసిన మన పెద్దవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. సాంచాకు నూనె వేస్తే సరిపోదు. దూది దుమ్ము నూనెకు అంటుకుని ముద్దయితే నూనె రంధ్రం మూసుకుపోతుంది, బేరింగు కాలిపోతుంది. ఇంజన్‌లోనూ అదే కథ. అక్కడ దూది దుమ్ముకు బదులు నీళ్లు, మసి, కాలని పెట్రోలు ఉంటాయి.

నీళ్లెక్కడివి అంటారా? ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. ఒక కిలో సీఎన్‌జీ కాలితే రెండు కిలోలకు పైనే. అందులో ఎక్కువ భాగం సైలెన్సరు దారిన పోతుంది. కొంచెం పిస్టన్ రింగులు దాటి కిందికి, ఆయిల్‌లోకి దిగుతుంది. బండి చాలాసేపు నడిచి ఆయిల్ బాగా వేడెక్కితే ఆ తేమ ఎగిరిపోతుంది. పిల్లల్ని బడి దగ్గర దింపి వెనక్కి రావడం, స్టాండు నుంచి స్టేషనుకు రెండు కిలోమీటర్లు పోవడం, గంటలకొద్దీ ట్రాఫిక్‌లో నిలబడటం లాంటి వాటితో ఆయిల్ సరిగా వేడెక్కదు. మీటరులో నీటి వేడి ముల్లు మధ్యకు వచ్చినా ఆయిల్ ఇంకా వెనకే ఉంటుంది. తేమ నిలిచిపోయి, మసితో కలిసి, నల్లటి జిగురు మడ్డిగా మారుతుంది. దీన్నే మెకానిక్కులు స్లడ్జి అంటారు.

సమయానికి ఆయిల్ మార్చకపోవడం, ఇంజన్ ఒకసారి బాగా వేడెక్కిపోవడం, ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి పంపే వాల్వు మూసుకుపోవడం కూడా స్లడ్జికి కారణాలే. స్లడ్జి ముదిరితే ఆయిల్ పంపు మూతికి ఉండే జల్లెడ మూసుకుపోతుంది, పైభాగానికి నూనె ఎక్కదు. పిస్టన్ ఆయిల్ రింగులు బిగుసుకుపోతే బండి ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది, నీలం పొగ వస్తుంది.

సీసాలు రెండు రకాలు

మొదటిది త్వరగా కడిగేది. ఇందులో కిరసనాయిలు జాతికి చెందిన సాల్వెంటు, గట్టి డిటర్జెంటు ఉంటాయి. పాత ఆయిల్ వేడిగా ఉన్నప్పుడు దానిలో కలిపి, బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో పది, పదిహేను నిమిషాలు ఇంజన్ నడపాలి. వెంటనే ఆయిల్ మొత్తం దించి, ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోయాలి. ఈ పది నిమిషాల్లో బండిని రోడ్డెక్కించకూడదు, రేసు ఇవ్వకూడదు. సాల్వెంటు కలిసిన ఆయిల్ పలచబడి ఉంటుంది, బేరింగుల మధ్య నిలవాల్సిన నూనె పొర సన్నగిల్లుతుంది.

రెండోది నిదానంగా కడిగేది. ఆయిల్ మార్పుకు కొన్ని వందల కిలోమీటర్ల ముందు పోసి, మామూలుగా నడుపుతూ పోవాలి. మెల్లగా కరుగుతుంది గనక పెద్ద పెచ్చులు ఒక్కసారిగా ఊడే ప్రమాదం తక్కువ. అయినా అది పోశాక ఆయిల్‌ను గడువు కంటే ముందే మార్చాలి. కరిగిన మడ్డి అంతా ఆ ఆయిల్‌లోనే, ఆ ఫిల్టర్‌లోనే చేరుతుంది. ఫిల్టర్ నిండిపోతే దానిలోని బైపాస్ వాల్వు తెరుచుకుంటుంది. అప్పుడు వడకట్టని ఆయిలే ఇంజన్ అంతా తిరుగుతుంది.

రోడ్డు పక్క గ్యారేజీల్లో పాత పద్ధతి ఇంకొకటి ఉంది. ఆయిల్ దించేసి కిరసనాయిలో డీజిలో పోసి ఇంజన్ తిప్పడం. దీని జోలికి పోవద్దు. అందులో జారుడు లేదు, అరుగుదల ఆపే మందు లేదు. దించినా కొంత మూలల్లో మిగిలి కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది.

ఎవరికి పనికొస్తుంది, ఎవరికి వద్దు

మొదటినుంచీ మీ చేతిలోనే ఉండి, లెక్క ప్రకారం ఆయిల్ మార్చిన బండికి ఫ్లష్ అక్కర్లేదు. ఆయిల్‌లో ఉన్న సబ్బే చాలు. సర్వీసుకు ఒక సీసా చొప్పున పోయించుకోవడం దండగ.

సెకండ్ హ్యాండు బండి కొని, పాత ఓనరు ఆయిల్ ఎప్పుడు మార్చాడో తెలియకపోతే, లోపల పలచటి మడ్డి ఉంటే, ఒకసారి చేయించవచ్చు. నిదానంగా కడిగే రకమైతే మేలు.

లక్ష దాటి నడిచి, మడ్డి గట్టిగా పెచ్చులు కట్టిన బండికి మాత్రం త్వరగా కడిగే సీసా ప్రమాదమే. ఊడిన పెచ్చు పోయి ఆయిల్ జల్లెడకు అడ్డం పడితే ఇంజన్ పట్టేస్తుంది. పాత సీళ్ల పగుళ్లను అప్పటిదాకా మడ్డే కప్పి ఉంచితే, కడిగాక అక్కడినుంచి ఆయిల్ కారుతుంది. అట్లాంటి బండికి చాంబరు విప్పించి, జల్లెడ చేత్తో శుభ్రం చేయించడమే దారి. కొన్ని కొత్త ఇంజన్లలో టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. సాల్వెంటు ఆ రబ్బరును దెబ్బతీస్తుంది. వారంటీ ఉన్న బండికైతే ముందు కంపెనీ పుస్తకం చూసుకోండి.

బైకులున్నవాళ్లు ఇంకొక్క మాట గుర్తుంచుకోవాలి. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే తడిసి ఉంటాయి. కారు కోసం చేసిన జారుడు మందులు అందులో పోస్తే క్లచ్ జారుతుంది, బండి లాగదు.

మీరే చూసుకోవచ్చు

ఇంజన్ చల్లారాక ఆయిల్ పోసే మూత తీసి లోపలివైపు చూడండి. తేనె రంగు మరక ఉంటే భయం లేదు. నల్లటి జిగురు వేలికి ముద్దగా అంటితే స్లడ్జి మొదలైనట్టు. మజ్జిగ మీగడలా తెల్లగా ఉంటే తేమ చేరింది. వానాకాలం, చలికాలం చిన్న ప్రయాణాల వల్ల మూత దగ్గర కొంచెం అట్లా రావచ్చు. ఆయిల్ కొలిచే కడ్డీకి కూడా అదే తెలుపు కనబడి, రేడియేటరులో నీళ్లు తగ్గుతుంటే, హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో వెంటనే చూపించాలి. దాన్ని ఏ సీసా బాగు చేయలేదు.

ఎర్రటి ఆయిల్ దీపం నడుస్తుండగా వెలిగితే ఇంజన్ అక్కడికక్కడే ఆపాలి. "ఇంటిదాకా పోదాం" అనుకుంటే ఆ కొద్ది దూరంలోనే బేరింగులు పోతాయి.

చవకైన దారి

సీసాకు పెట్టే డబ్బును ఆయిల్‌కే పెట్టడం చాలా బండ్లకు మంచిది. మడ్డి అనుమానం ఉంటే, పుస్తకంలో చెప్పిన గ్రేడు మంచి ఆయిల్ పోసి, రెండు మూడు వేల కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చండి. ఇంకోసారి అట్లాగే చేయండి. కొత్త ఆయిల్‌లో సబ్బు మందులు నిండుగా ఉంటాయి, అవే నిదానంగా మడ్డిని కరిగిస్తాయి. పెచ్చులు ఊడే భయం బాగా తక్కువ.

చాలా పెట్రోలు కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది గడువు. దుమ్ము, ట్రాఫిక్, చిన్న ప్రయాణాలు ఎక్కువగా ఉంటే పుస్తకమే ఇంకా ముందుగా మార్చమని చెబుతుంది. టాక్సీ, స్కూలు వ్యాను నడిపేవాళ్లందరూ ఆ లెక్కలోకే వస్తారు. వారానికొకసారి బండిని హైవే మీద అరగంట ఆగకుండా నడిపినా తేమ చాలావరకు పోతుంది.

డబ్బా మీది మాటల్ని అట్లాగే నమ్మొద్దు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ 1996లో 'స్లిక్ 50' అనే ఆయిల్ మందు కంపెనీ మీద కేసు పెట్టింది. అరుగుదల తగ్గిస్తుందని చేసిన ప్రచారానికి ఆధారాలు లేవన్నది అభియోగం. 1997లో కంపెనీ రాజీకి వచ్చింది. అది కడిగే మందు కాదు, జారుడు మందు. అయినా పాఠం ఒక్కటే: సీసా మీద రాసింది అమ్మేవాడి మాట, పుస్తకంలో రాసింది బండి చేసినవాడి మాట.

చేతులు జాగ్రత్త

ఇంగ్లండులో లంకాషైర్ కాటన్ మిల్లుల్లో 'మ్యూల్' యంత్రాల దగ్గర నిలబడి నూలు వడికే కార్మికుల బట్టలమీద ఏళ్ల తరబడి యంత్రాల నూనె చిందుతూ ఉండేది. వాళ్లలో గజ్జల దగ్గర చర్మానికి క్యాన్సర్ ఎక్కువగా వస్తున్నదని 1922లో మాంచెస్టర్ వైద్యులు బయటపెట్టారు. మన ఇంజన్ ఆయిల్‌దీ అదే జాతి. పైగా వాడిన ఆయిల్‌లో పెట్రోలు కాలినప్పుడు పుట్టే హానికర పదార్థాలు కూడా చేరతాయి. గ్యారేజీలో పని నేర్చుకుంటున్న మన పిల్లలకు చెప్పండి: చేతులకు గ్లౌజులు వేసుకోవాలి, నూనె పీల్చిన గుడ్డ జేబులో పెట్టుకోవద్దు, చేతులు పెట్రోలుతో కాదు, సబ్బుతో కడగాలి.

దించిన ఆయిల్ మోరీలో పోయకూడదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అది అనుమతి ఉన్న రీసైకిల్ చేసేవాళ్లకే చేరాలి. ఇంటి దగ్గర మార్చుకుంటే డబ్బాలో పట్టి గ్యారేజీకి ఇచ్చేయండి.

ఈసారి గ్యారేజీలో "ఫ్లష్ కొట్టేద్దామా?" అని అడిగితే ముందు మూత తీసి చూపించమనండి. బండి ఎన్ని కిలోమీటర్లు నడిచింది, ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారు అన్నది ఒక చిన్న పుస్తకంలో రాసి బండిలోనే పెట్టుకోండి. ఆ లెక్క చేతిలో ఉంటే సరే అనాలో వద్దు అనాలో మీకే తెలుస్తుంది.