మదర్‌బోర్డు - ప్రాసెసర్ వేగం

కంప్యూటర్‌కు మెదడు వంటిది ప్రాసెసర్. తయారీ సంస్థ నిర్ణయించిన వేగాన్ని మించి దానిచేత పని చేయించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. తక్కువ వెలకు కొన్న చిప్‌తో ఎక్కువ వెల గల చిప్ పనిని చేయించుకోవాలన్న కోరికే దీనికి మూలం. అయితే ఇందుకు పూనుకొనే వారిలో చాలామంది ప్రాసెసర్ శక్తిని గురించే విచారిస్తారు గాని, దానికి ఆధారమైన మదర్‌బోర్డును పట్టించుకోరు. నిజానికి ఆ వేగం ఎక్కడ ఆగాలో నిర్ణయించేది చాలావరకు మదర్‌బోర్డే.

ప్రాసెసర్ తనంత తానుగా నడవదు. మదర్‌బోర్డు మీది క్లాక్ వలయం సెకనుకు కొన్ని కోట్ల స్పందనలను పంపుతుంది. ఆ సంఖ్యను ప్రాసెసర్ తనలోని గుణకంతో హెచ్చించుకొని తన వేగాన్ని పొందుతుంది. 1998లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన సెలెరాన్ 300ఏ ఇందుకు చక్కని ఉదాహరణ. దాని గుణకం 4.5, మూల స్పందన సుమారు 66 మెగాహెర్ట్జ్, వేగం 300 మెగాహెర్ట్జ్. గుణకాన్ని మార్చే వీలు లేనందున ఔత్సాహికులు మూల స్పందనను 100కు పెంచారు. చవకైన ఆ చిప్‌లు అనేకం 450 మెగాహెర్ట్జ్ వేగంతో పరుగెత్తాయి. ఆనాడు ఎంతో ఖరీదైన పెంటియం-2 శ్రేణిలో అగ్రస్థానంలోని చిప్ వేగమూ అంతే! నలోపాఖ్యానంలో బాహుకుడు ఎన్నుకొన్న బక్కచిక్కిన గుఱ్ఱాలను చూసి ఋతుపర్ణుడు సందేహించిన ఘట్టం ఇక్కడ గుర్తుకు రాక మానదు.

ఈ అద్భుతం అన్ని బోర్డుల మీద సాధ్యం కాలేదు. 440ఎల్‌ఎక్స్ చిప్‌సెట్ గల బోర్డులు 66 మెగాహెర్ట్జ్‌కు ఉద్దేశించినవి. 100 మెగాహెర్ట్జ్‌కు తగినట్లు రూపొందినది 1998లోనే వచ్చిన 440బిఎక్స్. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ఆ మూల స్పందన ప్రాసెసర్‌కే కాక, హార్డ్ డిస్క్ నియంత్రణ వలయం ఆధారపడిన పిసిఐ మార్గానికి కూడా మూలం. పిసిఐకి విహితమైన వేగం 33 మెగాహెర్ట్జ్. 66ను రెండుతో భాగించినా, 100ని మూడుతో భాగించినా 33 వస్తుంది. మధ్యలో 83 వద్ద నిలిపి, రెండుతోనే భాగిస్తే ఆ మార్గం వేగం 41 దాటుతుంది. ప్రాసెసర్ నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది. డిస్క్‌లో భద్రపరచుకొన్న సమాచారం మాత్రం చెడిపోవచ్చు. నూరు కంటే ఎనభైమూడు క్షేమమని భావించినవారు మోసపోయేది ఇక్కడే.

విద్యుత్తు విషయమూ అల్పమైనది కాదు. ప్రాసెసర్ వినియోగించే శక్తి వేగంతోపాటు పెరుగుతుంది. వోల్టేజీ వర్గాన్ని అనుసరించి మరింతగా పెరుగుతుంది. వేగాన్ని 20 శాతం, వోల్టేజీని 10 శాతం పెంచితే శక్తి వినియోగం దాదాపు 45 శాతం అధికమవుతుంది. ఆ భారాన్ని మోయవలసినవి ప్రాసెసర్ చుట్టూ బోర్డుపై అమర్చిన వోల్టేజీ నియంత్రకాలు. చవక బోర్డులలో ఇవి కొద్దిగానే ఉంటాయి. వేడిని హరించే లోహఫలకాలు కూడా ఉండకపోవచ్చు. అవి మితిమీరి వేడెక్కితే ప్రాసెసర్ వేగం తగ్గిపోతుంది, లేదా బోర్డే దెబ్బతింటుంది.

నేటి కంప్యూటర్లలో గుణకాన్ని పెంచడమే ప్రధాన మార్గం. ఇంటెల్ చిప్‌లలో ఈ అవకాశం సాధారణంగా పేరు చివర కె అక్షరం ఉన్నవాటికే పరిమితం. అటువంటి చిప్‌ను అదనపు సొమ్ము పోసి కొని, బి లేదా హెచ్ శ్రేణి చిప్‌సెట్ బోర్డుపై అమర్చితే అది సాకెట్‌లో చక్కగా ఇముడుతుంది, మామూలు వేగంతో పనిచేస్తుంది. గుణకాన్ని పెంచడానికి మాత్రం బోర్డు అనుమతించదు. అందుకు జెడ్ శ్రేణి బోర్డు కావాలి. ఏఎండి సంస్థ కొంత ఉదారంగా, రైజెన్ చిప్‌ల కోసం బి, ఎక్స్ శ్రేణి బోర్డులకు ఈ అనుమతినిచ్చి, ఏ320 వంటి చవక రకాలకు మాత్రం నిరాకరించింది.