పాపకో సీటు

పోయిన దసరాకి హైదరాబాద్ నుంచి తెనాలి వెళ్తున్నాం. నేను డ్రైవింగ్, పక్కన మా ఆవిడ, వెనకాల మా అమ్మ. అమ్మ ఒళ్లో పదమూడు నెలల మా పాప. చిట్యాల దాటాక ఓ ట్రాక్టర్ రాంగ్ రూట్‌లో ఎదురొచ్చింది. బ్రేకు మీద నిలబడినంత పని చేశా. కారు ఆగింది. ట్రాక్టర్ అతను మావైపు చూడను కూడా చూడకుండా పక్కనుంచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత రెండు సెకన్లకి పాప ఏడుపు వినిపించింది.

అమ్మ ఒళ్లోంచి జారి, ముందు సీటు వీపుకి తగిలి, కింద కాళ్ల దగ్గర పడింది. నుదుటి మీద రేగికాయంత బొప్పి. నార్కట్‌పల్లిలో ఆపి చూపిస్తే, "ఏం ఫర్లేదు, వాంతులు అయినా, మత్తుగా ఉన్నా వెంటనే తీసుకురండి" అన్నారు డాక్టర్. గంట తిరిగేసరికి పాప నవ్వుతూ ఆడుకుంటోంది. అమ్మ మాత్రం తెనాలి చేరేదాకా నోరు విప్పలేదు. రాత్రి అన్నాల దగ్గర ఒక్కమాట అంది. "గట్టిగానే పట్టుకున్నాన్రా."

నిజమే, గట్టిగానే పట్టుకుంది. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఇంజినీరింగ్‌లో నేను ఏమంత గొప్ప స్టూడెంట్‌ని కాదు. కానీ ఈ లెక్కకి ఇంటర్ ఫిజిక్స్ చాలు. మంచం మీద పడుకునే ఫోన్‌లో కాలిక్యులేటర్ తీశా.

మేం గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు పాపని ముందుకి తోసిన బలం, ఉజ్జాయింపుగా పాప బరువంత. అంటే పది కిలోలు. ఆ పది కిలోలకే అమ్మ చేతులు జారాయి. అదే గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ దేన్నైనా గుద్దుకున్నామనుకోండి. కారు సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోతే, ఆ బలం బరువుకి సుమారు పద్నాలుగు రెట్లు. అంటే అమ్మ ఒళ్లో ఉన్నది పది కిలోల పాప కాదు, 140 కిలోల బస్తా. దాన్ని అమ్మ కాదు, భీముడొచ్చినా ఆపలేడు. పైగా అమ్మకీ బెల్టు లేదు. ఆవిడ బరువు అరవై అయిదు కిలోలు. అదే లెక్కన తొమ్మిది వందల కిలోలు వెనక నుంచి పాప మీద పడతాయి. మధ్యలో పాప, ముందు సీటు వీపు. ఆ లెక్క దగ్గరే ఫోన్ పక్కన పెట్టేశా.

ఇంకో లెక్క కూడా చెప్తా, ఇది మా అమ్మకి వెంటనే అర్థమైంది. 50 కిలోమీటర్ల వేగంతో గుద్దుకోవడం అంటే సుమారు పది మీటర్ల ఎత్తునుంచి పడటంతో సమానం. మూడో అంతస్తు బాల్కనీలో పిట్టగోడ లేకుండా పాపని ఎత్తుకుని నిలబడమంటే ఎవరైనా నిలబడతారా?

మనవాళ్లలో వెనక సీటుకి బెల్టు అక్కర్లేదనే నమ్మకం బలంగా ఉంది. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో పోయినప్పుడు కొన్నాళ్లు అందరం మాట్లాడుకున్నాం. ఆ కారులో వెనక కూర్చున్న ఇద్దరూ పోయారు, ముందు కూర్చున్న ఇద్దరూ బతికారు. వెనక ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదు. మన దగ్గరైతే 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర నందమూరి హరికృష్ణ గారు స్వయంగా కారు నడుపుతూ ప్రమాదానికి గురయ్యారు. ఆయన బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో పోలీసులు చెప్పారు. మేం బ్రేకు కొట్టిన చోటు అక్కడికి ఎంతో దూరం కాదు. ఆ దారిలో వెళ్లినప్పుడల్లా నాన్న ఆ సంగతి ఎత్తేవారు. ఎత్తుతూ కూడా బెల్టు పెట్టుకునేవారు కాదు, అది వేరే విషయం.

హైదరాబాద్ తిరిగి రాగానే పాపకి కార్ సీటు కొన్నా. పన్నెండు వేలు అయింది. అమ్మ ధర వినగానే "ఆ డబ్బుతో పిల్లకి గొలుసు వచ్చేది" అంది. తర్వాత అసలు అభ్యంతరం బయటపెట్టింది. "చంటిదాన్ని అలా కట్టి పడేస్తావా? నిన్నెలా పెంచామనుకున్నావు, స్కూటర్ మీద ముందు నిలబెట్టి తిప్పేవారు మీ నాన్న." నేను బతికే ఉన్నాను కదా అన్నది ఆ మాటకి అర్థం. నా దగ్గర జవాబు లేదు. బతకని వాళ్లు వచ్చి ఇలాంటి కథలు చెప్పరు కదా అని తర్వాత తట్టింది గానీ, అమ్మతో అనలేదు.

సీటు కొనడంతో పనైపోయిందనుకుంటే పొరపాటు. నేను మొదటి నెలంతా దాన్ని తప్పుగానే వాడా. ఆ తప్పులు వరసగా చెప్తా, మీకైనా పనికొస్తాయి.

మొదటి తప్పు, పాపని ముందుకి చూసేలా కూర్చోబెట్టడం. రోడ్డు కనిపిస్తే ఏడవదని నా తెలివి. చిన్నపిల్లలకి ఒంటితో పోలిస్తే తల పెద్దది, బరువు. మెడ ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు. ముందుకి చూస్తూ కూర్చున్నప్పుడు కారు గుద్దుకుంటే భుజాల్ని పట్టీలు ఆపుతాయి, తలని ఏదీ ఆపదు. ఆ తోపు మొత్తం మెడ మీద పడుతుంది. వెనక్కి చూసేలా కూర్చోబెడితే వీపు, మెడ, తల అన్నీ ఒకేసారి సీటులోకి ఒత్తుకుంటాయి, బలం వీపంతా పంచుకుంటుంది. ఐరోపా దేశాల కొత్త ప్రమాణం ఆర్129 ప్రకారం కనీసం పదిహేను నెలలు నిండేదాకా వెనక్కే చూడాలి. సీటు అనుమతించే బరువు, ఎత్తు ఉన్నంతకాలం అలాగే ఉంచితే ఇంకా మంచిది. "కాళ్లు ముడుచుకుంటాయి కదా" అని మా ఆవిడ కూడా అడిగింది. పిల్లలు ఇంట్లోనూ బాసింపట్టు వేసుకునే కూర్చుంటారు. వాళ్లకి అదేం కష్టం కాదు.

రెండోది సీటు బిగింపు. మాది పాత హ్యాచ్‌బ్యాక్, ఐసోఫిక్స్ లేదు. ఐసోఫిక్స్ అంటే వెనక సీటు వీపుకీ కూర్చునే భాగానికీ మధ్య సందులో ఉండే రెండు ఇనప కొక్కేలు. సీటుని వాటికి టక్కున తగిలించేయొచ్చు. ఈమధ్య వచ్చే కార్లలో ఉంటాయి, కానీ మనం కారు కొన్న వారానికే లెదర్ సీటు కవర్లు వేయించి వాటిని కప్పెట్టేస్తాం. మా తమ్ముడి కారులో అవి ఉన్నాయని మూడేళ్లకి నేను వేలు పెట్టి వెతికితే గానీ వాడికే తెలియలేదు. ఐసోఫిక్స్ లేని కారులో కారు బెల్టుతోనే కట్టాలి. వెనక్కి చూసేటప్పుడు బెల్టు వెళ్లే దారి వేరు, ముందుకి చూసేటప్పుడు వేరు. చాలా సీట్లలో ఒకటి నీలం గుర్తు, ఇంకోటి ఎరుపు. నేను వదులుగా కట్టా. సీటులో మోకాలు ఆనించి, బరువంతా వేసి, అప్పుడు బెల్టు లాగి బిగించాలి. బెల్టు వెళ్లే చోట పట్టుకుని ఊపితే అంగుళానికి మించి కదలకూడదు. మాది చిన్నపిల్లల ఉయ్యాలలా ఊగేది.

మూడోది పట్టీలు. పాపకి లాగేస్తాయేమోనని జాలిపడి వదులుగా ఉంచేవాళ్లం. భుజం దగ్గర పట్టీని వేళ్లతో గిల్లి చూడండి. మడత చేతికి చిక్కితే ఇంకా బిగించాలి. వెనక్కి చూసే సీటులో పట్టీలు భుజాల దగ్గర నుంచి గానీ, కొంచెం కింద నుంచి గానీ రావాలి. ముందుకి చూసేదానికైతే భుజాలకి కొంచెం పైనుంచి. చలికాలం స్వెట్టర్లు, దళసరి జాకెట్లు తీసేసి కట్టాలి, చలేస్తే దుప్పటి పైన కప్పొచ్చు. మన దగ్గర చలికన్నా ఎండ సమస్య. మే నెలలో ఎండలో ఆపిన కారులో ఆ ఇనప బకిల్ పెనంలా కాలుతుంది. పైన ఒక తువ్వాలు కప్పి వెళ్లడం మా ఆవిడ కనిపెట్టింది. పిల్లల్ని మాత్రం రెండు నిమిషాలకైనా ఆపిన కారులో ఒంటరిగా వదలొద్దు.

ఇంకొకటి, ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుంటే అక్కడ వెనక్కి చూసే సీటు ఎప్పుడూ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటులో విచ్చుకుంటుంది, సరిగ్గా పాప తల వెనక ఉన్న భాగానికి కొడుతుంది. పిల్లల సీటు చోటు వెనకాలే. సెకండ్ హ్యాండ్ సీటు తీసుకోవాలనుకుంటే, అది ఏ ప్రమాదంలోనూ లేదని మీకు ఖాయంగా తెలిసినవాళ్ల దగ్గరే తీసుకోండి. లోపల పగిలిన ప్లాస్టిక్ పైకి కనిపించదు.

ఇక మా పాప. మొదటి రెండు వారాలు నరకం. సీటులో పెట్టగానే విల్లులా వంగి ఏడుపు. అమ్మ పక్కన కూర్చుని "పాపం రా, తియ్యరా" అని. అప్పుడు మా ఆవిడకి ఒక ఆలోచన వచ్చింది. సీటు తెచ్చి హాల్లో పెట్టేసింది. పాప అందులో కూర్చుని బిస్కెట్ తింటుంది, బొమ్మల్ని కూర్చోబెడుతుంది, ఎక్కుతుంది, దిగుతుంది. వారంలో అది తన కుర్చీ అయిపోయింది. తర్వాత పాలప్యాకెట్ కోసం వీధి చివరిదాకా, కూరగాయలకి రైతుబజారు దాకా. దూరప్రయాణంలో పాలు తాగించాలన్నా, డైపర్ మార్చాలన్నా బంకులో ఆపుతాం. రెండు గంటలకోసారి ఎలాగూ దింపి ఆడించాలి. విజయవాడ అయిదు గంటల్లో చేరే నేను ఇప్పుడు ఏడు గంటల్లో చేరుతున్నా. టీలు ఎక్కువ అవుతున్నాయి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 194బి అనే సెక్షన్ ఉంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని బెల్టుతో గానీ, పిల్లల సీటుతో గానీ కట్టకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. పెద్దవాళ్లు బెల్టు లేకుండా కూర్చున్నా వెయ్యే. నన్నైతే ఇప్పటిదాకా ఏ పోలీసూ వెనక సీటు గురించి అడగలేదు. మనవాళ్లు బెల్టు అలారం మోగకుండా బకిల్‌లో గుచ్చే క్లిప్పులు కొనేవారు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ వాటిని తీసేయమని అయిదు ఆన్‌లైన్ అమ్మకం కంపెనీలకి ఆదేశాలిచ్చింది. మా ఆఫీసు పార్కింగ్‌లో ఆ క్లిప్పు పెట్టుకున్న మేనేజర్ ఒకాయన మాకు రిస్క్ మేనేజ్‌మెంట్ మీద క్లాసులు చెప్తాడు.

పెద్దపిల్లల విషయంలో ఒక్క ముక్క. అయిదారేళ్ల పిల్లకి కారు బెల్టు అలాగే పెడితే పై పట్టీ మెడ మీదకి, కింద పట్టీ మెత్తటి పొట్ట మీదకి వస్తాయి. అందుకే కింద బూస్టర్ వేసి ఎత్తు పెంచాలి. కింద పట్టీ తొడల పైన తుంటి ఎముక మీద, పై పట్టీ భుజం మధ్యలో ఉండాలి. ఎత్తు సుమారు నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు వచ్చేదాకా బూస్టర్ అవసరమే. గర్భిణులకి కూడా కింద పట్టీ పొట్ట కిందుగానే రావాలి. పిల్లని ఒళ్లో పెట్టుకుని ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టడం మాత్రం వద్దు, పెద్దవాళ్ల బరువంతా పిల్ల మీదే పడుతుంది.

క్యాబ్ దగ్గర మాత్రం నేను ఓడిపోయా. వెనక సీటు కవర్ల కిందకి బకిళ్లు దూరిపోయి ఉంటాయి. అడిగితే "ఉంది సార్, లోపలుంది" అంటారు. ఓసారి రాత్రి పదింటికి బకిల్ కోసం కవరు విప్పించా. డ్రైవర్ ఏమీ అనలేదు గానీ, స్టార్ మాత్రం ఒక్కటే ఇచ్చినట్టున్నాడు. ఇప్పుడు పాపతో వెళ్లాల్సి వస్తే మా కారే తీస్తున్నాం, లేదంటే మెట్రో.

సంక్రాంతికి మళ్లీ తెనాలి వెళ్లాం. మా పిన్ని కూతురి పెళ్లిచూపులకి గుంటూరు వెళ్లాలి. కారులో అయిదుగురికి చోటు, పాప సీటు పోగా పెద్దవాళ్లం నలుగురం పడతాం. తయారై నిలబడింది ఏడుగురు. "ఆ ప్లాస్టిక్ సీటు తీసి డిక్కీలో పడెయ్యి, పాప నా ఒళ్లో కూర్చుంటుంది, పాతిక కిలోమీటర్లకి ఏమవుతుంది" అన్నాడు మా మావయ్య. నేను నోరు తెరిచేలోపే అమ్మ వెనక సీట్లో కూర్చుని, కవరు కిందనుంచి బకిల్ వెతికి తీసి, తన బెల్టు టక్కున పెట్టుకుంది. "కుదరదు అన్నయ్యా. వాడు రెండోసారి వస్తాడు, మీరు అప్పుడు రండి" అంది.

రెండు ట్రిప్పులు కొట్టా. పెళ్లిచూపులకి మావయ్య గంట ఆలస్యంగా చేరాడు. ఇప్పటికీ ఎక్కడ కలిసినా ఆ మాట ఎత్తి దెప్పుతూనే ఉన్నాడు.